కొత్త లారీ హబ్బులో గ్రీజు కారితే సీలు ఒక్కటే మార్చి పంపకండి: తయారీ కంపెనీల సర్వీస్ విభాగాలకు బహిరంగ లేఖ

లారీలు తయారుచేసే కంపెనీల సర్వీస్, వారంటీ విభాగాల పెద్దలకు,

నమస్కారం.

వారంటీ ఇంకా ఉన్న బండిలో చక్రం లోపలి వైపు, హబ్బు (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) దగ్గర గ్రీజు చారలు కనబడితే యజమానికి సాధారణంగా రెండే జవాబులు దొరుకుతున్నాయి. ఒకటి: "కొత్త సీలు కదా, మొదట్లో కాస్త చెమ్మ పడుతుంది, ఏం కాదు." రెండోది: సీలు (గ్రీజును లోపలే ఆపే రబ్బరు వలయం) మార్చి, చేతికొచ్చినంత గ్రీజు కుక్కి, నట్టు బిగించి పంపేయడం. మొదటి జవాబు కొన్నిసార్లు నిజమే. రెండోది మాత్రం దాదాపు ఎప్పుడూ సగం పనే. ప్లే (హబ్బు లోపలికీ బయటికీ కదిలే వదులు) ఎక్కువైనా, గ్రీజు ఎక్కువైనా, బ్రేకు పట్టేసినా, గాలి పోయే దారి మూసుకుపోయినా ముందు బయటపడేది సీలు దగ్గరే. ఆ కారణం అలాగే ఉంచి కొత్త సీలు వేస్తే అదీ కారుతుంది. రెండోసారి వచ్చేటప్పటికి బ్రేకు లైనర్లు (డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) కూడా తడిసి ఉంటాయి.

హబ్బులు విప్పి బిగించే పనివాళ్లం కాబట్టి అడగవలసింది ముందే చెప్తాం. మీ వారంటీ ఫారంలో కొలతలకు చోటు పెట్టండి. మీ లేబర్ చార్టులో ఆ కొలతలకు టైము ఇవ్వండి. హబ్బుకు ఎన్ని గ్రాముల గ్రీజో మీ మాన్యువల్లో ఒక అంకె వెయ్యండి. ఎందుకు అడుగుతున్నామో కింద వివరంగా రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఆ గ్రీజు ఎవరిదన్నది. చక్రం లోపలి వైపు కనబడిన ప్రతి మరకా హబ్బుది కాదు. బ్రేకు పట్టీలను డ్రమ్ము మీదికి తోసే ఎస్ క్యామ్ బుష్షుకి గ్రీజు గన్ను పెట్టి అదే పనిగా కొడితే మిగిలింది డ్రమ్ము లోపల పడుతుంది. ముందు చక్రాల దగ్గర కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పితే చక్రం పక్కకు తిరిగే ఇరుసు) గ్రీజు జారుతుంది. కొత్త బండిలో ఇంకో సంగతి ఉంది: తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన మైనం లాంటి పూత మొదటిసారి బ్రేకులు వేడెక్కినప్పుడు కరిగి కారుతుంది, దాన్ని చూసి హబ్బు విప్పేస్తారు. అదే డ్రైవ్ యాక్సిల్ (ఇంజను తిప్పే ఇరుసు) అయితే గేర్ ఆయిల్ సంగతి చూడాలి. గ్రీజు హబ్బుకీ యాక్సిల్ ఆయిలుకీ మధ్య ఉన్న లోపలి సీలు లీకైతే ఆయిల్ హబ్బులోకి చేరి గ్రీజును పలచన చేస్తుంది, రెండూ కలిసి బయటి సీలు దాటుతాయి. అప్పుడు బయటి సీలు ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేదు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గేర్ ఆయిలుకి గంధకపు ఘాటు వాసన ఉంటుంది, యాక్సిల్‌లో లెవెలు తగ్గి ఉంటుంది. మరకలోంచి చిటికెడు తీసి కాగితం మీద పెట్టి కాసేపు ఆగండి. నూనె చుట్టూ పాకి మధ్యలో ముద్ద మిగిలితే గ్రీజు, ముద్దేమీ మిగలకుండా మొత్తం పాకిపోతే ఆయిల్.

మరక ఆకారం కూడా చూడాలి. హబ్బు మధ్యనుంచి రిమ్ము అంచు వైపు ఎండ కిరణాల్లా చారలు పోయి ఉంటే, బండి నడుస్తుండగా బయటపడి చక్రం తిరుగుడుకు విసిరికొట్టిన గ్రీజది. చారలు లేకుండా అడుగున మాత్రమే బొట్టు కట్టి ఉంటే, బండి నిలబడి ఉన్నప్పుడు జారినది. రెండో రకం కొత్త బండ్లలోనే ఎక్కువ. యార్డులో నెలల తరబడి కదలకుండా ఉంటే గ్రీజులోని నూనె కొంత విడిపడి కిందికి దిగుతుంది, సీలు పెదవి (లోహానికి ఆనుకునే రబ్బరు అంచు) దగ్గర అదే పలచగా ఊరుతుంది.

ఇక చెమ్మకీ కారుడుకీ తేడా. సీలు రెండు పెదవుల మధ్య బిగింపులో పెట్టిన కాస్త గ్రీజు మొదటి రోజుల్లో బయటికి రావడం సహజం. దాని మీద దుమ్ము పట్టి నల్లటి సన్నని వలయంలా కనబడుతుంది, వేలు పెడితే పొడిపొడిగా అంటుతుంది. దాన్ని మేమూ విప్పమనం. కానీ "సహజం" అని నోటిమాటతో పంపేయడం పద్ధతి కాదు. శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, ఫోటో తీసి, కిలోమీటర్ల రీడింగు రాసుకుని, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించమని చెప్పాలి. మళ్లీ అంతే తడి వస్తే అది చెమ్మ కాదు. ఒక్క షరతు: లైనరు మీద గానీ, డ్రమ్ము లోపలి ముఖం మీద గానీ, డిస్కు మీద గానీ తడి కనబడితే వెయ్యి కిలోమీటర్లు కాదు, ఒక్క కిలోమీటరు కూడా పంపకూడదు.

గ్రీజు ఎంత పెట్టాలన్నది అందరూ తేలిగ్గా తీసుకునే సంగతి. ఎక్కువ పెడితే బేరింగుకు మేలే కదా అనుకుంటారు. ఒక లెక్క చూడండి. రెండు బేరింగుల మధ్య హబ్బు ఖాళీ 600 సీసీ అనుకుందాం. ఎండలో నడిచి, బ్రేకులు పడి, హబ్బు 25 డిగ్రీల నుంచి 85కి వెళ్లింది. ఆ 60 డిగ్రీలకు గ్రీజు పరిమాణం సుమారు 4 శాతం పెరుగుతుంది. ఖాళీలో మూడో వంతు, అంటే 200 సీసీ గ్రీజు ఉంటే పెరిగేది 8 సీసీ. మిగతా 400 సీసీ గాలి దాన్ని సర్దుకుంటుంది. గాలి కూడా వేడెక్కుతుంది కాబట్టి లోపలి ఒత్తిడి బయటికన్నా 0.2 బార్ చుట్టుపక్కల పెరుగుతుంది, అంతే. అదే ఖాళీని తొంభై శాతం కుక్కి నింపారనుకోండి. గ్రీజు 540 సీసీ, పెరిగేది 22 సీసీ, గాలికి మిగిలింది 60 సీసీలో 40కి లోపే. ఎక్కడా పోయే దారి లేకపోతే ఒత్తిడి దాదాపు 0.9 బార్ దాకా ఎక్కుతుంది. మామూలు లిప్ సీళ్లు అర బార్ లోపు ఒత్తిడికి తయారుచేసినవి. కాబట్టి సీలు పెదవి పైకి లేస్తుంది, గ్రీజు బయటికి వస్తుంది. సీలులో ఏ లోపమూ లేదు, అది చేయగలిగిందే చేసింది.

అందుకే బేరింగు రోలర్ల మధ్య పూర్తిగా, హబ్బు ఖాళీలో మూడో వంతు నుంచి సగం లోపు అన్నది పాత నియమం. పై లెక్కలోని 200 సీసీ అంటే దాదాపు 180 గ్రాములు. తూకం మీద గిన్నె పెట్టి తూచడానికి రెండు నిమిషాలు చాలు. మీ మాన్యువళ్లలో "తగినంత గ్రీజు నింపండి" అని రాసి ఉంటే, ఒకరికి తగినంత గుప్పెడు, ఇంకొకరికి డబ్బాలో సగం. బేరింగుకు ఇన్ని గ్రాములు, హబ్బుకు ఇన్ని గ్రాములు అని విడివిడిగా రాయండి.

గ్రీజు పేరు విషయంలోనూ అంతే. రంగు చూసి కలిపేవాళ్లు చాలామంది. రంగు అంటే తయారీదారు కలిపిన డై, అందులో గ్రీజును చిక్కబరిచే సబ్బు ఏదో అది చెప్పదు. లిథియం కాంప్లెక్స్ గ్రీజులో బంకమన్ను రకమో, పాలీయూరియా రకమో కలిస్తే చాలాసార్లు మిశ్రమం మెత్తబడి జావలా అవుతుంది. గ్రీజు చిక్కదనాన్ని ఎన్‌ఎల్‌జీఐ గ్రేడుల్లో చెప్తారు: 2 గ్రేడు గ్రీజుకు 25 డిగ్రీల దగ్గర పెనెట్రేషన్ (ఎంత మెత్తనో చెప్పే అంకె) 265 నుంచి 295 మధ్య ఉండాలి. హబ్బులో 00 గ్రేడు వాడే డిజైన్లు కూడా ఉన్నాయి, దానికి ఆ అంకె 400 నుంచి 430. అది దాదాపు కారే పదార్థం, దానికి సీలు వేరు, క్యాపు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి సీలును తిట్టడం అన్యాయం. గ్రీజు రకం మారుస్తున్నప్పుడు పాతది కిరసనాయిలుతోనో సాల్వెంటుతోనో పూర్తిగా కడిగి ఆరబెట్టాలి. కడిగిన బేరింగును గాలి గన్నుతో గిర్రున తిప్పడం మానాలి. పొడి రోలర్లు గీతలు పడతాయి, రోలర్లను పట్టి ఉంచే కేజ్ విడిపోతే మనిషికి తగులుతుంది. గ్రీజును కోను (రోలర్లున్న లోపలి భాగం) పెద్ద వైపునుంచి నొక్కితే రోలర్ల మధ్యగా చిన్న వైపు బయటికి రావాలి. పైపైన పూస్తే లోపల పొడిగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, ప్లే. టేపర్ రోలర్ బేరింగులు జతగా వేసే హబ్బుల్లో నట్టు బిగింపే అన్నిటినీ నిర్ణయిస్తుంది. అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్‌కు చెందిన నిర్వహణ మండలి టీఎంసీ ఇచ్చిన ఆర్‌పీ 618 సిఫారసు ప్రకారం చేతితో సర్దే హబ్బుకు ఎండ్ ప్లే 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంటే తల వెంట్రుక మందం కాస్త అటూ ఇటూ. దాన్ని చేతి అందాజుతో పట్టే మెకానిక్కు ఎక్కడా లేడు, మేమూ పట్టలేం. నట్టు మర పిచ్ 1.5 మిల్లీమీటర్లయితే, గడియారంలో ఒక గంట దూరం తిప్పితే 0.125 మిల్లీమీటర్లు కదులుతుంది. ఆ పరిమితి మొత్తం ఆ ఒక్క గంటలో అయిపోయింది. "బిగించి, కొంచెం వెనక్కి వదులు" అన్న పాత పాఠంలోని ఆ "కొంచెం" ఎంతో ఎవరికి తెలుసు?

అదే సిఫారసులో క్రమం ఇలా ఉంటుంది. చక్రాన్ని తిప్పుతూ నట్టును 271 న్యూటన్ మీటర్లకు బిగించి రోలర్లను కూర్చోబెట్టాలి. పూర్తిగా ఒక చుట్టు వదలాలి. మళ్లీ తిప్పుతూ 68 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఆ తర్వాత యాక్సిల్ రకాన్నీ మర పిచ్‌నూ బట్టి చెప్పినంత వెనక్కి తిప్పి, లాక్ వాషర్ పెట్టి, లాక్ నట్టు బిగించాలి. అక్కడితో ఆపేస్తే పని కానట్టే. లాక్ నట్టు బిగిసినప్పుడు మరల్లోని సందు మూసుకుని ప్లే తగ్గుతుంది. కాబట్టి కొలత లాక్ నట్టు బిగించాకే తీయాలి. డయల్ గేజి (సన్నని కదలికను కొలిచే పరికరం) అయస్కాంతపు పాదం హబ్బు మీద, ముల్లు స్పిండిలు (హబ్బు తిరిగే ఇరుసు కొస) చివర మీద పెట్టి, చక్రాన్ని మూడు, తొమ్మిది గంటల చోట రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా తిప్పుతూ లోపలికి తోసి బయటికి లాగాలి. ముల్లు కదిలిన మొత్తమే ప్లే. పైనా కిందా పట్టి ఊపితే వచ్చేది ఎండ్ ప్లే కాదు. పైగా ముందు చక్రాల్లో అందులో కింగ్‌పిన్ అరుగుదల కూడా కలుస్తుంది. అనుమానముంటే ఒకరు బ్రేకు తొక్కి పట్టగా ఊపి చూడాలి: ఊగుడు ఆగిపోతే బేరింగుది, ఆగకపోతే కింగ్‌పిన్‌ది. మీ యాక్సిల్‌కు మీ అంకెలు వేరుగా ఉంటే అవే వేదం. అవి పనివాడి చేతికి అందేలా ఉండాలన్నదే మా మాట.

ప్లే ఎక్కువైతే హబ్బు ప్రతి చుట్టులో కాస్త వాలి లేస్తుంది, సీలు పెదవి ఒక పక్క నొక్కుకుని ఇంకో పక్క వదులవుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో ఇది ముందే తెలిసే అవకాశం ఉంది. పళ్ల రింగు ఊగి సెన్సారును వెనక్కి తోసేస్తుంది, గ్యాపు పెరిగి లైటు వెలుగుతుంది. గ్రీజు కారుతున్న చక్రానిదే ఏబీఎస్ కోడు కూడా వస్తే సెన్సారు మార్చి ఊరుకోకండి. ప్లే మరీ తక్కువై బేరింగు బిగుసుకున్నా కారుతుంది, కానీ దారి వేరు. వేడెక్కి గ్రీజు పలచబడి, సీలు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువ కాలం నిలవదు. విప్పిన సీలు పెదవిని గోటితో వంచి చూస్తే తెలిసిపోతుంది: మెత్తగా వంగి తిరిగొస్తే వేడి తగల్లేదు, పెళుసుగా చిట్లితే తగిలింది.

వేడి బేరింగు వల్లా, బ్రేకు వల్లా అన్నది జాకీ ఎత్తి స్టాండు మీద పెట్టి చేత్తో తిప్పితే సగం తేలుతుంది. మిగతా సగం థర్మామీటరు చెప్తుంది. బ్రేకులు గట్టిగా వాడకుండా కాసేపు నడిపి, ఆపిన వెంటనే ఒకే యాక్సిల్ మీది రెండు హబ్బులూ చూడాలి. రెండిటి మధ్య 15, 20 డిగ్రీల తేడా ఉంటే మా లెక్కలో ఆ వేడి పక్కను విప్పకుండా పంపకూడదు.

కొత్త బండికి మాత్రమే వచ్చే తిప్పలు కొన్ని ఉన్నాయి. మీ ఫ్యాక్టరీ గేటు దాటాక జరిగేవి కాబట్టి మీ లెక్కలోకి రావేమో గానీ, వారంటీ క్లెయిమ్ మీకే వస్తుంది. బాడీ కట్టేచోట ఛాసిస్‌కు రంగు కొడుతూ యాక్సిల్ బ్రీదరు (లోపలి గాలి బయటికి పోయే దారి) మీద కూడా కొట్టేస్తారు. రంద్రం మూసుకుపోతుంది. యాక్సిల్ లోపలి ఒత్తిడి హబ్బు సీళ్ల మీద పడుతుంది. బ్రీదరు విప్పి ఊది చూడటం అర నిమిషం పని. వెల్డింగు చేస్తూ ఎర్తు క్లాంపును దొరికిన చోట తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద సన్నని కాలిన చుక్కలు పడతాయి. బండిని గట్టిగా కట్టి ఓడలోనో రైల్లోనో దూరం తరలిస్తే తిరక్కుండానే అదిరి, రోలర్ల మధ్య ఎంత దూరమో అంతే దూరంలో కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) మీద గుంట గీతలు పడతాయి. డెలివరీకి ముందు ప్రెషర్ వాషరు నాజిలును సీలు మీదికి గురిపెడితే నీళ్లు లోపలికి పోయి గ్రీజు పాలమీగడ రంగుకు తిరుగుతుంది. ఇవేవీ సీలు పార్టు నంబరు మార్చినందువల్ల పోయేవి కావు.

ఇంకొకటి అచ్చంగా ఫ్యాక్టరీదే. బేరింగు కప్పు హబ్బులో పూర్తిగా కూర్చోకపోయినా, కప్పు కింద రంగు గానీ చిన్న లోహపు ముక్క గానీ ఉండిపోయినా, ఆ రోజు ప్లే సరిగ్గానే కనబడుతుంది. లోడు పడ్డాక కప్పు కూర్చుంటుంది, ప్లే పెరుగుతుంది. కప్పు వెనక 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని రేకు) దూరకూడదు. దూరితే కూర్చోలేదనే అర్థం.

సీలు వేసే తీరు గురించి రెండు మాటలు చాలు, ఎందుకంటే సీళ్లతో పాటు మీరిచ్చే కాగితంలో చాలావరకు ఉంటుంది. విప్పిన సీలు మళ్లీ వేయకూడదు. సుత్తితో చుట్టూ కొట్టకూడదు, దాని డ్రైవరుతోనే (సీలును సమంగా దించే పనిముట్టు) దించాలి. దించాక లోతు నాలుగు చోట్ల కొలిస్తే ఒకటే రావాలి. సీలు కూర్చునే మెట్టు మీద గోరు తగిలే గాడి ఉంటే దాని స్లీవు (తొడుగు రింగు) మార్చాలి. ఎమరీతో రుద్దాల్సి వస్తే చుట్టూనే రుద్దాలి. ఏటవాలు గీతలు పడితే అవి స్క్రూ మరల మాదిరిగా పనిచేసి గ్రీజును బయటికి తోడుతాయి. హబ్బు ఎక్కించేటప్పుడు స్పిండిలు మరలు పెదవిని కోయకుండా తొడుగు పెట్టాలి. ఇవన్నీ తెలిసినవే, కానీ ఆ డ్రైవరు ఎంతమంది దగ్గర ఉంది? కొత్త యాక్సిల్ బయటికి వదిలేటప్పుడు సీలు డ్రైవరు కూడా అదే నెలలో సర్వీసు సెంటర్లకు అందాలి. లేకపోతే పాత కప్పుతోనో, పైపు ముక్కతోనో దించుతారు.

ఫ్యాక్టరీలోనే మూసేసి ఒకే యూనిట్‌గా వచ్చే హబ్బుల సంగతి వేరు. వాటిని విప్పి గ్రీజు మార్చే ప్రసక్తి లేదు. గ్రీజు కారిందంటే యూనిట్ మార్చడమే. ఏబీఎస్ సెన్సారు రంద్రంలోంచి గన్నుతో గ్రీజు ఎక్కించి "టాప్ అప్" చేసేవాళ్లు ఉన్నారు. ఆ గ్రీజు బేరింగుకు చేరదు, సెన్సారు దగ్గర ఇనుప రజనుతో కలిసి ముద్ద కడుతుంది. హబ్బు ముఖం మీదే చెరగని అచ్చుతో "విప్పవద్దు" అని వెయ్యండి. చూడటానికి రెండు రకాలూ ఒకేలా ఉన్న యాక్సిళ్లు ఉన్నాయి.

లైనర్ల విషయంలో మీతో గట్టిగానే వాదిస్తాం. గ్రీజు పీల్చిన లైనరును పెట్రోలుతో కడిగినా, మంట పెట్టి కాల్చినా లోపలికి ఇంకినది పోదు. వేడెక్కినప్పుడు మళ్లీ పైకి వస్తుంది. అది మార్చాలి. ఒక పక్కే కొత్తవి వేస్తే రెండు పక్కల పట్టు తేడా వచ్చి బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపు లాగుతుంది. కాబట్టి ఆ యాక్సిల్ రెండు పక్కలా మార్చాలి. "లైనర్లు అరిగే సామాను, వారంటీలో రావు" అనే నియమం అరుగుదలకు పెట్టినది. మీ సీలు కారి నాశనమైన లైనరు అరిగినది కాదు. ఆ ఖర్చు యజమాని మీద వేస్తే అతను కడిగి వాడుకుంటాడు, అందులో ఆశ్చర్యమేముంది?

కాబట్టి మేము కోరేది ఇది. ప్రతి యాక్సిల్ మోడలుకూ ఒక్క పేజీ కాగితం: గ్రీజు రకం, గ్రాములు, టార్కు క్రమం, ఎండ్ ప్లే హద్దులు, సీలు లోతు, డ్రైవరు నంబరు. ఆ పేజీ గోడకు అంటించేలా స్థానిక భాషల్లో. వారంటీ ఫారంలో అయిదు ఖాళీలు: విప్పకముందు ప్లే, బిగించాక ప్లే, రెండు హబ్బుల వేడి, బ్రీదరు స్థితి, పాత గ్రీజు ఫోటో. ఈ అయిదూ నింపని క్లెయిమ్ వెనక్కి పంపండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ నింపిన క్లెయిమ్‌కు ఆ కొలతల టైముకు కూలి కట్టండి. ఇప్పుడు లేబర్ చార్టులో సీలు మార్పుకు ఉన్న టైములో హబ్బు విప్పి, కడిగి, బిగించడమే గగనం. అందులో డయల్ గేజి పెట్టమంటే ఎవరూ పెట్టరు. పెట్టకుండానే ఫారంలో ఏదో అంకె రాస్తారు, ఆ అంకెల మీద మీ ఇంజినీర్లు తర్వాతి సీలు డిజైను చేస్తారు.

బాడీ కట్టేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకంలో బ్రీదరుకు టేపు, ఎర్తు క్లాంపు చోటు, ప్రెషర్ వాషరు దూరం అన్న మూడు సంగతులు చేర్చండి. రెండోసారి కారిన హబ్బు విషయంలో సీలు ఒక్కటే కాకుండా రెండు బేరింగులనూ కప్పులతో సహా, పాత గ్రీజు కొంచెం సీసాలో పెట్టి తెప్పించుకోండి. కారణం ఎక్కువగా వాటిలోనే దొరుకుతుంది.

మీరు ఈ మార్పులు చేసేలోగా మా వైపునుంచి ఒక మాట. వారంటీ కింద "సీలు మాత్రమే" అని రాసి పంపిన జాబ్ కార్డు మీద కూడా విప్పకముందు ప్లే ఎంతో, బిగించాక ఎంతో చేత్తో రాసి, యజమానికి ఒక కాపీ ఇస్తాం. ప్లే హద్దు దాటి ఉంటే బేరింగు మార్చకుండా ఆ నట్టు మీద లాక్ వాషర్ వంచం.

ఇట్లు,
హబ్బు, యాక్సిల్ పని చేసే మెకానిక్కులు